మా బాపు పారువేట

దసరా రోజు పిల్లను కసరకూడదన్న నియమం మొదట ఎవరు పెట్టారో గాని, వాళ్లకు పిల్లలు ఉండి ఉండరు. ఉన్నా, వాళ్లను పెంచింది వేరే ఎవరో అయి ఉంటారు.

సంగతి ఇది. సిరిసిల్ల పక్కనున్న ఒకే ఊరి నుంచి సాంచెలు నడపడానికి సూరత్ వచ్చిన ముప్పై ఎనిమిది ఇళ్ల వాళ్లం మేము. పవర్‌లూమ్ మగ్గాన్ని మా వాళ్లు సాంచె అంటారు. అందరం కోసాడ్ ఆవాస్ క్వార్టర్లలో అటూ ఇటూగా ఉంటాం. మాకొక చిన్న నరసింహస్వామి గుడి ఉంది. దసరా సాయంత్రం స్వామి పారువేటకు వెళ్తాడు. ఇక్కడ అడవి లేదు కాబట్టి అమ్రోలి దాటాక చెరకు తోటల పక్కనున్న జమ్మిచెట్టు దగ్గరికి టెంపోలో వెళ్తాడు. నిజం జింక దొరకదు, దొరికినా కొట్టకూడదు కాబట్టి, గుడ్డ పీలికలు కుక్కిన బొమ్మ జింకను నిలబెడతారు. స్వామి తరఫున బాణం వేసే వంతు ఏడాదికొక ఇంటిది.

అయితే పెద్దవాడు ఒక్కడే వేస్తే జీవహింస దోషం తగులుతుందట. అందుకని తన ఇంట్లోని ఐదేళ్ల లోపు పిల్లను చంకనెత్తుకుని, వింటినారి మీద ఆ పిల్ల వేళ్లు కూడా పెట్టించి లాగాలి. ఆ పిల్లను వేటబిడ్డ అంటారు. పొద్దున తలస్నానం పోసిన దగ్గర్నుంచి జింకకు బాణం దిగేదాకా వేటబిడ్డను ఎవరూ కసరకూడదు, వద్దు అనకూడదు. ఆ పిల్ల కంట నీరు రాలిందా, వేట ఆ ఇంటి చేతిలోంచి తర్వాతి ఇంటికి పోతుంది. ఉండేవి మూడు బాణాలు. మూడూ దిగకపోయినా అంతే.

ఈ ఏడాది వంతు మా బాపుది, అంటే నాన్నది. పేరు నరహరి. వేటబిడ్డ నా కూతురు రుచిత, వయసు నాలుగున్నర. ఆ పిల్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క మాట అనకుండా ఉండమన్నారు నన్ను. నేను మునిసిపల్ తెలుగు బడిలో టీచరును. రోజుకు నలభై మందిని కసరడం నా ఉద్యోగం.

బాపు గురించి కొంత చెప్పాలి. ఇరవై ఆరేళ్ల వయసులో సూరత్ వచ్చాడు. ముప్పై ఐదేళ్లుగా ఎనిమిదేసి సాంచెల మధ్య పన్నెండు గంటల పాళీ చేస్తున్నాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. మామూలుగా మాట్లాడినా పోట్లాడినట్టే ఉంటుంది, కింది ఫ్లోరు వాళ్లు కొత్తలో వచ్చి తలుపు కొట్టేవాళ్లు. ఎక్కడా ముందు నిలబడే మనిషి కాదు. నా పెళ్లి ఫొటోల్లో కూడా వెతికితే గాని కనిపించడు, ఒకదాంట్లో సగం భుజం, ఇంకోదాంట్లో అన్నం బకెట్టు పట్టుకున్న చెయ్యి. గుడి కట్టిన ఏడాది వంతుల కోసం చీటీలు వేస్తే, ఆయనకు ముప్పయ్యో నంబరు వచ్చింది. ముందు నంబర్లు వచ్చినవాళ్లు చీటీ మార్చుకోమంటే కూడా మార్చుకోలేదు. ముప్పై ఏళ్లు ఆగాడు. ఆ మధ్యలో ఇరవై తొమ్మిది మంది బాణం వేస్తుంటే ఇరవై తొమ్మిది సార్లు జింకను మోసుకెళ్లి నిలబెట్టింది మాత్రం ఆయనే.

ఈసారి తప్పితే ఇంకోసారి లేదు. ముప్పై ఎనిమిది ఇళ్లు మళ్లీ తిరిగొచ్చేసరికి ఆయన ఉండడు, అది ఒకటి. రెండోది, వంతులు కొడుకుల మీదుగా నడుస్తాయి. బాపుకు నేనొక్కదాన్నే. అమ్మ పోయి మూడేళ్లయింది. మా ఆయన పరమేశ్వర్ సూరత్ శివారు సచిన్‌లో డైయింగ్ మిల్లు సూపర్‌వైజరు, బాపు మా దగ్గరే ఉంటాడు. వేటబిడ్డగా రుచిత పేరు చెప్పగానే గుడి పెద్ద సోమలింగం అడ్డం పడ్డాడు.

"కూతురు బిడ్డ ఇంటి బిడ్డ ఎట్లయితది నరహరీ? ఇంటిపేరు వేరాయె."

"నా కంచంల తింటది. నా పక్కల పంటది. ఇంకేం గావాలె?" అన్నాడు బాపు. గుడిలో ఆయన అంత గట్టిగా మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. చెవుడు వల్ల కాదు.

సోమలింగం గడ్డం గోక్కున్నాడు. "సరే, ఈసారికి కానీయ్. బాణం దిగిందా, నీ తర్వాత నీ బిడ్డ ఇంటి పేరు మీద వంతు నడుత్తది. దిగలేదా, ముప్పయ్యో నంబరు కొట్టేత్తం."

అంటే విల్లు బాపు చేతిలో ఉన్నా, గురి చూస్తున్నది నా పేరు మీద కూడా అన్నమాట. నేను మాత్రం ఆ పట్టింపు పైకి చూపలేదు. బాపు చూపించాడు. అక్కడే మొదలయ్యాయి మా తిప్పలు.

ఏటా జింకకు గోనెపట్టాతో తోలు కుడతారు. బాణం సుతారంగా దిగుతుంది, అందరూ గోవిందా అని ఇంటికొచ్చి పులిహోర తింటారు. బాపుకు ఈ ఏడు అది నచ్చలేదు.

"గోనెపట్టతోని జింకను చేత్తరా? అది జింకనా, ఆలుగడ్డల బస్తానా? నేను నేత్త."

సేఠ్‌ను అడిగి, పాళీ అయ్యాక ఖాళీగా ఉన్న ఒక సాంచె మీద పదిహేను రోజులు నేశాడు. జింక రంగు గోధుమ నూలు, దాని కింద పాలిస్టర్ పడుగు. నేసిన గుడ్డను గుడికి తీసుకెళ్లి ఇద్దరితో రెండు వైపులా పట్టించి, మధ్యలో చెంబెడు నీళ్లు పోయించాడు. చుక్క కారలేదు. ముప్పై ఐదేళ్లల్ల తన తాకా మీద ఎవ్వడూ తప్పు పట్టలేదని అక్కడున్న ప్రతివాళ్లకూ విడివిడిగా చెప్పాడు. తాకా అంటే గుడ్డ చుట్ట. నేతగాళ్లంతా గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, తలలూపి, మెచ్చుకున్నారు. ఇంతమంది నేతగాళ్లలో ఒక్కడికైనా, నీళ్లే దిగని గుడ్డలో బాణం ఎలా దిగుతుందిరా అన్న ఆలోచన రాలేదు. నాకూ రాలేదనుకోండి. కాని నేను మగ్గం నేసేదాన్ని కాదు కదా.

తోలు కూడా ఆయనే కుట్టాడు. పగలు కిటికీ దగ్గర కూర్చుని రెండు వారాలు. వేళ్ల నిండా సూది పోట్లు. బడి ముందే దర్జీ ఉన్నాడు, వాడికిస్తే గంట పని అని నేను పదిసార్లు మొత్తుకున్నాను. "జర ఊకో బిడ్డా" అని మళ్లీ పొడుచుకునేవాడు.

ఇక దసరా రోజు. రుచితకు తలస్నానం పోసి నేను తల తుడుస్తుంటే, పాలు తానే కలుపుతానని బాపు వంటింట్లోకి వెళ్లాడు. పిల్ల ఒక గుక్క తాగి, నా చీర మీద ఊసింది. ఉప్పు పాలు. చక్కెర డబ్బా, ఉప్పు డబ్బా పదేళ్లుగా ఒకే చోట ఉంటున్నాయి. పిల్ల పెదవి వంకర పోతోంది, ఏడవకూడదు. నేను వెంటనే "అబ్బ, భలే జోక్ కదా!" అని నవ్వాను. చీర నిండా పాలు కారుతుండగా అంత ఉత్సాహంగా నవ్వడం ఎంత కష్టమో చేసి చూస్తే గాని తెలియదు. పిల్ల నవ్వింది. వంటింట్లోకి వెళ్లి బాపు మీద విరుచుకుపడ్డాను.

"నీ ధ్యాస ఎక్కడుంది బాపూ? పిల్లకు ఉప్పు తాపిస్తవా?"

"డబ్బాలు ఒక్క తీర్గనే ఉన్నయి బిడ్డా."

ఒక్క తీరుగా లేవు. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ.

బొట్టు పెట్టమంటే కనుబొమ్మ మీద పెట్టాడు. అది తుడిచి నేను మళ్లీ పెట్టాను. పట్టులంగా వేద్దామంటే పిల్ల నిన్నటి గర్బా ఆటకు వేసిన చణియా చోళీయే వేసుకుంటానంది. అద్దాలు కుట్టిన ఆ ఘాగ్రా తొమ్మిది రోజుల నవరాత్రిలో తొమ్మిది రకాల మరకలు పడి ఉంది. వద్దు అనడానికి లేదు. వేశాను. పళ్లు నూరుకుని వేశాను.

గుడికి వెళ్లే దారిలో ప్రతి ఫర్సాణ్ దుకాణం, అంటే కారా మిఠాయిల కొట్టు ముందూ జనమే. దసరాకు శనగపిండి ఫాఫ్డా, జిలేబి తినకపోతే ఈ ఊళ్లో పండగ కాదు.

"మమ్మీ, జలేబీ," అంది వేటబిడ్డ.

టెంపో గుడి దగ్గర మూడింటికి బయలుదేరుతుంది. టైము రెండున్నర. మామూలు రోజయితే ఒక్క చూపుతో తేలిపోయే వ్యవహారం. బాపును లైన్లో నిలబెట్టి, పిల్ల కోరిక మీద పక్కన బుడగలు కొనడానికి వెళ్లాను. పావుగంట తర్వాత వచ్చి చూస్తే బాపు ముందు నలుగురే ఉన్నారు. ప్రాణం లేచొచ్చింది. తీరా ఆయన వంతు వచ్చాక దుకాణం వాడు, "కాకా, టోకెన్?" అన్నాడు. అది ముందురోజు ఆర్డరు ఇచ్చినవాళ్ల లైను. నెత్తి మీద మూరెడు మూరెడు గుజరాతీ అక్షరాలతో బోర్డు. ముప్పై ఐదేళ్లుగా గుజరాతీ చదువుతున్న మనిషి.

"బోర్డు చూడవా బాపూ?"

"చూడలే బిడ్డా."

దుకాణం వాడు జాలిపడి పిల్ల చేతిలో రెండు జిలేబీలు పెట్టాడు. ఎవరి మీద జాలిపడ్డాడో నేను అడగలేదు.

పరుగున టెంపో దగ్గరికి వెళ్లాం. వంతు ఉంచేదీ కొట్టేసేదీ ఎవరో నాకు తెలుసు గనుక, సోమలింగానికి ముందే నమస్కారం పెట్టుకోవాలని బాపుకు దారంతా చెబుతూ వచ్చాను. టెంపో ముందు సీట్లోంచి సోమలింగమే చెయ్యెత్తి పలకరించాడు. మా బాపు ఆయన ముఖంలోకి తిన్నగా చూసి, పలకకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. పెద్దాయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ముఖం మాడిపోయింది.

"వంతు రాంగనే మనుషులు కండ్లకు ఆనుతలేరు," అన్నాడు అందరికీ వినబడేలా.

నాకు తల కొట్టేసినట్టయింది. నేనే రెండు చేతులూ జోడించి, "పెద్దబాపూ, మా బాపుకు సరిగ వినపడది గదా" అన్నాను. చేతులు ఊపడానికి చెవులతో పనేముందని ఆయన అడగలేదు, నా అదృష్టం.

టెంపో మధ్యలో జింకను పడుకోబెట్టారు. కొమ్మలతో చేసిన కొమ్ములు, గుండీల కళ్లు. వేటబిడ్డ దాన్ని చూడగానే గుర్రం అంది. గుర్రం అయితే ఎక్కాలి. ఎక్కింది. కోసాడ్ నుంచి అమ్రోలి దాటేదాకా, స్వామి పల్లకి పక్కన, మేళం వాళ్ల మధ్యన, నా కూతురు జింక మెడ పట్టుకుని "చల్ ఘోడా, చల్" అంటూ ఊగుతూనే ఉంది. రెండు చేతులా జిలేబి పాకం. జింక మెడ నిండా పాకం. దాని మీదికి ఈగలు. పూజారి నా వైపు చూస్తున్నాడు, నేను పైకప్పు వైపు చూస్తున్నాను.

ఎదురుగా బుచ్చవ్వ కూర్చుంది. తర్వాతి వంతు వాళ్లది. మనవరాలిని శుభ్రంగా ముస్తాబు చేసి, రెండు జడలు వేసి, చేతులు కట్టించి కూర్చోబెట్టింది. మాకు తప్పితే అక్కడికక్కడే అందుకోవడానికి సిద్ధం. ఆ పిల్ల కదలదు, మెదలదు. బుచ్చవ్వ చూపు మాత్రం దారి పొడుగునా రుచిత కళ్ల మీదే.

"పిల్ల కండ్లల్ల నీళ్లచ్చినట్టున్నయి గదనే ఊర్మిళా?"

"జిలేబి పాకం అది."

"కండ్లల్లకు ఎట్లచ్చె పాకం?"

"మా పిల్లకు వస్తది," అన్నాను.

టెంపో దిగాక చెరకు తోట గట్టు మీద కొంత దూరం నడవాలి. పక్కనే నీళ్ల కాలువ. పిల్లను నేనెత్తుకుంటానంటే బాపు ఒప్పుకోలేదు, వేటబిడ్డ తాత భుజం దిగొద్దన్నాడు. నాలుగడుగులు వేశాడో లేదో, గట్టు వదిలి సూటిగా కాలువలోకి నడిచాడు. మోకాళ్ల దాకా బురద. పంచె, కొత్త కండువా, అంతా పోయింది. పైన పిల్ల కెవ్వుమంది, ఏడుపనుకున్నాను. అది నవ్వు. భయపడకపోవడం మా అదృష్టం. ఇంకోసారి దూకమని అడిగింది.

పొద్దుటి నుంచీ పిల్ల మీద రావలసిన కోపం, బుచ్చవ్వ మీద కోపం, ఈగల మీద కోపం, అన్నీ కలిపి ఆయన మీద పడ్డాయి. అందరూ వింటున్నారని కూడా చూడలేదు.

"కండ్లు నెత్తికెక్కినయా బాపూ? ఇంత గట్టు కనిపిస్తలేదా? ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు మనిషి లెక్క ఉండలేవా?"

 కాలువలోంచి పిల్లను నా చేతికిచ్చి, గట్టు తడుముకుంటూ ఎక్కాడు. మళ్లీ పిల్లను తీసుకున్నాడు.

జమ్మిచెట్టు దగ్గర పల్లకి దించారు. పూజ అయింది. పొద్దు వాలుతోంది, ఎండ సరిగ్గా ఎదురుగా కొడుతోంది. పదిహేను అడుగుల అవతల జింకను నిలబెట్టారు. ఈసారి నిలబెట్టింది వేరేవాళ్లు. బాపు విల్లు అందుకున్నాడు. ఎడమ చంకలో పిల్ల, ఆ చేతిలోనే విల్లు, కుడిచేత్తో నారి. ముప్పై ఏళ్లుగా ఇంట్లో తువ్వాలు చుట్టను చంకలో పెట్టుకుని, అమ్మ పోయాక రుచితను ఎత్తుకుని, ఎన్నోసార్లు చేసి చూసుకున్న భంగిమ. ఆ క్షణం వరకు నాకు నవ్వులాటగానే ఉండేది. ఇప్పుడు నేను కూడా మూడు బాణాలూ లెక్కపెట్టుకున్నాను.

మొదటి బాణం. నారి మీద వేళ్లు పెట్టమంటే పిల్ల బాణం ముల్లు పట్టుకుంటానంది. వద్దు అనకూడదు. బతిమాలుతుండగా నారి జారింది. బాణం బాపు కాళ్ల దగ్గర పడింది.

"ఒకటి," అన్నాడు సోమలింగం. లెక్క చెప్పడంలో ఆయనకున్న హుషారు చూస్తే నా ఒళ్లు మండింది.

రెండో బాణం. పిల్ల బుద్ధిగా వేళ్లు పెట్టింది. బాపు బాగానే లాగాడు. బాణం సూటిగా వెళ్లి జింక డొక్కకు తగిలింది. తగిలి, గోడకు కొట్టిన బంతిలా వెనక్కి ఎగిరి గడ్డిలో పడింది. జింక కదలను కూడా లేదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత అందరికీ ఒకేసారి అర్థమైంది. ముప్పై ఎనిమిది ఇళ్ల నేతగాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు.

"ఏం నేసినవే నరహరీ! జింక తోలా, లారీ పట్టానా?"

"పోలీసోళ్లకు అమ్మరాదూ, తుపాకులకు కూడ ఆగుతది!"

బాపు నవ్వలేదు. ఎవరి వైపూ చూడలేదు. ఇంకా గట్టిగా లాగితే దిగుతుందేమోనని, మూడో బాణం పెట్టకుండా ఉత్త నారిని ఒకసారి చెవిదాకా లాగి చూశాడు. నారి మధ్య పిల్ల వేలు నలిగింది.

"తాతా, దుఖే ఛే," అంది రుచిత. నొప్పి అనడానికి ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ. అందరిలో ఉంది గనుక గుజరాతీలో అంది. పెదవి వంకర పోయింది. కళ్లు నిండాయి. అవతల బుచ్చవ్వ లేచి నిలబడి మనవరాలి గౌను సరిచేస్తోంది.

నాకు ఇంక ఓపిక లేదు. పేరు పోతే పోనీ, వంతు పోతే పోనీ. ముందుకెళ్లి చేతులు చాచాను.

"చాలు బాపూ. పిల్లను ఇటియ్యి. నువ్వు నేసింది నువ్వే కొట్టలేవు. ఇంటికి పోదాం."

"జర ఆగు బిడ్డా," అన్నాడు.

పిల్ల వేలును నోట్లో పెట్టుకుని, ఊది, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. పిల్లకు చక్కిలిగిలి అయింది. కన్నీరు రాలకుండానే లోపలికి పోయింది. ఆ తర్వాత బాపు గొంతు సవరించుకుని, మామూలుగా ఆయన మాట్లాడే అరుపు గొంతుతోనే అన్నాడు.

"సోమలింగమన్నా. జింకను అటుదిటు తిప్పుండ్రి."

"ఎందుకు?"

"ఆ పక్కకు తప్పుంది. నేతల."

నవ్వులు ఆగిపోయాయి. వేరే జనంలో అయితే ఇది ఏమంత మాట కాదు. వీళ్లలో ఒకడు తన గుడ్డలో తప్పుందని పదిమందిలో తానే చెప్పుకోవడం నేను పుట్టాక వినలేదు. ఆయన ముప్పై ఐదేళ్ల గొప్ప ఆ ఒక్క మాటతో పోయింది. సోమలింగం తానే వెళ్లి జింకను తిప్పి, తోలు మీద చెయ్యి పెట్టి, పొట్ట దగ్గర వేళ్లు ఆపాడు.

"ఐదారు పడుగు పోగులు తెగినయి. జానెడు పొడుగు పోయింది. ఇది ఎట్ల నేసుకుంటపోయినవ్ నరహరీ? చూడలేదా?"

"చూడలే. కుట్టేటప్పుడు చేతికి దొరికింది. ఎవలకు కనవడకుంట వెనుకదిక్కు పెట్టిన."

నాకు మళ్లీ మండింది. ఇంత తెలిసి, గొప్పకు పోయి, రెండో బాణం వృథా చేశాడు. మొదటే ఆ పక్క తిప్పించి ఉంటే ఈ నవ్వులాట ఉండేది కాదు. ఇంటికెళ్లాక అనడానికి మాటలు వరుసగా పేర్చుకున్నాను.

సోమలింగం జింకను ఆ పక్కకు నిలబెట్టి తప్పుకున్నాడు. బాపు మూడో బాణం పెట్టి, పిల్ల చెవి దగ్గర నోరు పెట్టాడు.

"రుచీ, జింక పొట్ట మీద గీత లెక్క ఉంది, కనవడుతుందా?"

"హా."

"నేను బాణం ఇట్ల జరుపుత. ఆ గీతకు సూటిగ వచ్చినంక చెప్పాలె. చెప్తవా?"

పొద్దుటి నుంచి క్షణం నిలవని పిల్ల ఒక కన్ను మూసి, మెడ చాచి, బాణం వెంట చూసింది. పక్కనున్నవాళ్లు ముచ్చటపడ్డారు. తాత మనవరాలికి వేట నేర్పుతున్నాడని ఎవరో అన్నారు.

"ఉపర్," అంది రుచిత. బాపు బాణం పైకి జరిపాడు. "ఇంకా ఉపర్. ఇటు. నై నై, ఇటు తాతా. బస్."

బాపు నారిని సగమే లాగాడు, పిల్ల వేళ్లు నలగనంత. వదిలాడు.

మేళం ఒక్కసారిగా మోగింది. గోవిందా అని అరిచారు. ఎవరో ఆయన నెత్తిన గులాల్ చల్లారు. సోమలింగం గంభీరంగా తల ఊపి, జమ్మి ఆకు తెంపడానికి చెట్టు వైపు నడిచాడు. బుచ్చవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని మళ్లీ కూర్చుంది. నేను ఆయన దగ్గరికి వెళ్లాను. పేర్చుకున్న మాటలు గొంతులోనే ఉన్నాయి.

బాపు నా వైపు వంగాడు. నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, గొంతు తగ్గించి అడిగాడు.

"దిగిందా బిడ్డా?"

నేను ఆయన ముఖం చూశాను. కళ్లు జింక మీద లేవు. జింకకు మూరెడు పక్కన, ఎండలో మెరుస్తున్న చెరకు ఆకుల వైపు చూస్తున్నాడు. రెండు నల్లగుడ్ల మీదా పాలమీగడ లాంటి పొర. రోజూ అన్నం వడ్డించేటప్పుడు ఎదురుగా కూర్చునే మనిషి. ఎన్ని రోజుల నుంచి చూడకుండా చూస్తున్నానో నాకు తెలియదు. ఉప్పు పాలు, బోర్డు, సోమలింగం చెయ్యి, కాలువ, ఒక్కొక్కటీ వచ్చి నా నెత్తిన పడింది. పిల్లను అనకూడదని పొద్దుటి నుంచీ మిగుల్చుకున్న ప్రతి మాటా ఈయననే అన్నాను. ఏడుపు వచ్చింది. వేటబిడ్డకే గాని వేటబిడ్డ తల్లికి ఏ నియమమూ లేదు కాబట్టి ఏడ్చాను.

"దిగింది బాపూ. ముల్లు మొత్తం లోపలికి దిగింది."

చెయ్యి పట్టుకుని జింక దగ్గరికి తీసుకెళ్లాను. బాణం మీద ఆయన చేతిని పెట్టాను. కర్రను పట్టుకుని, తోలు దాకా వేళ్లతో తడిమి, ఎంత లోతు దిగిందో కొలుచుకున్నాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. అలాంటి ముఖం ఆయనకు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"ఎప్పటి సంది బాపూ?" అన్నాను.

"వానలు వడ్డకాడి సంది. మబ్బు పట్టినట్టు ఉంటాంది."

"మరి నాకొక్క మాట చెప్పొద్దా? దావఖానకు తీసుకపోయేదాన్ని గదా? ఎందుకు చెప్పలేదు?"

చంకలో పిల్లను పైకి సర్దుకుని, చేతిని బాణం మీది నుంచి తీయకుండానే నవ్వాడు.

"చెప్తే విల్లు నా చేతికి ఇత్తురా బిడ్డా? నువ్వు ఇయ్యనిత్తువా?"

ఇవ్వనిచ్చేదాన్ని కాదు.